టెట్రాలిన్ హైడ్రోజన్ ఎట్ల ఇస్తది? మెకానిజం రాసుడు, చెక్ చేసుడు – స్టెప్ బై స్టెప్

ఎమ్మెస్సీ ప్రాజెక్టుల టైం రాంగనే నాకు ఇదే ప్రశ్న వస్తది. "సార్, టెట్రాలిన్ హైడ్రోజన్ ఇచ్చి నాఫ్తలీన్ అయితది కదా, దానికి మెకానిజం ఏం రాయాలె, ఫ్రీ రాడికలా హైడ్రైడా?" హన్మకొండల నెట్ పరీక్ష కోచింగ్‌కు వచ్చే పిల్లలు అడుగుతరు, సింగరేణి బొగ్గు మీద ప్రాజెక్టు చేసే పిల్లలు అడుగుతరు, ఒకరికి చెప్పి ఫోన్ పెట్టేసరికి ఇంకొకరు. అందుకే అంతా ఒక్క దగ్గర రాస్తున్న. థియరీ ఎక్కువ ఉండదు, ఏం చేయాలె, ఎక్కడ తప్పుతరు, కరెక్టో కాదో ఎట్ల చూసుకోవాలె, అంతే.

టెట్రాలిన్ అంటే బెంజీన్ రింగుకు హైడ్రోజన్ నిండిన ఇంకో రింగు అతికిన ద్రవం. ఫ్రీ రాడికల్ అంటే జత లేని ఎలక్ట్రాన్ ఉన్న ముక్క, హైడ్రైడ్ అంటే రెండు ఎలక్ట్రాన్లను వెంట తీసుకోని పోయే హైడ్రోజన్. ముందుగాల ఒక మాట. "టెట్రాలిన్‌కు ఏ మెకానిజం" అని అడిగితే జవాబు లేదు. అదే డోనర్ (హైడ్రోజన్ ఇచ్చేది) వేడిల ఒక తీరు, పల్లాడియం మీద ఇంకో తీరు, పాజిటివ్ చార్జి ఉన్న యాక్సెప్టర్ (తీసుకునేది) దొరికితే మరో తీరు ఇస్తది. తీసుకునేటోడు ఎవడు, ఎంత వేడి, మెటల్ ఉందా లేదా, ఈ మూడు చెప్పకుండా బాణాలు (ఎలక్ట్రాన్లు ఎటు పోతయో చూపేటివి) గీసుడు మొదలుపెడితే సగం మార్కులు అక్కడనే పోతయి.

ఏమేం కావాలె

కాగితం మీద చేసేటోళ్లకు: బాండ్ ఎనర్జీల పట్టిక, క్యాలిక్యులేటర్, ఓపిక.

ల్యాబ్‌ల చేసేటోళ్లకు: టెట్రాలిన్, బైబెంజిల్ (రెండు బెంజిల్ ముక్కలు నడిమి బాండ్‌తోటి కలిసినది), చిన్న స్టీల్ ట్యూబ్ రియాక్టర్ (గట్టి మూతలది), ఇసుక బాత్, నైట్రోజన్ సిలిండర్, పొటాషియం అయొడైడ్, అల్యూమినా, జీసీ (మిశ్రమాన్ని విడదీసి కొలిచే మిషన్) గానీ జీసీ-ఎంఎస్ (దానికి తోడు మోల్ బరువు కూడా చూపేది) గానీ, ఒక ఇంటర్నల్ స్టాండర్డ్ (పోల్చి కొలిచేటందుకు తూకం వేసి కలిపేది, డోడెకేన్ గానీ బైఫినైల్ గానీ నడుస్తది). డ్యుటీరియం (బరువు హైడ్రోజన్) పెట్టిన టెట్రాలిన్ దొరికితే అదృష్టం, మస్తు ఖరీదు. స్టీల్ రియాక్టర్ లేనోళ్లకు వేరే దారి కింద 8వ స్టెప్‌ల చెప్పిన.

1. ముందు హైడ్రోజన్ ఖాతా రాయండి

బాణాల కంటే ముందు లెక్క. టెట్రాలిన్ (మోల్ బరువు 132) నాఫ్తలీన్ (128) అయితే 4 హైడ్రోజన్ పరమాణువులు పోయినట్టు. 9,10-డైహైడ్రోఆంత్రసీన్ ఆంత్రసీన్ అయితే 2. 1,4-సైక్లోహెక్సాడైయీన్ బెంజీన్ అయితే 2. సైక్లోహెక్సీన్ బెంజీన్ దాకా పోతే 4. తీసుకునే దిక్కు కూడా రాయాలె, ఒక బైబెంజిల్ రెండు టోలుయీన్‌లు కావాలంటే 2 హైడ్రోజన్లు కావాలె. అంటే ఒక మోల్ బైబెంజిల్ మొత్తం విరిగితే అర మోల్ టెట్రాలిన్ చాలు.

టెట్రాలిన్ నాలుగూ ఒక్కసారే ఇయ్యదు, కిస్తుల కడతది. మధ్యల 1,2-డైహైడ్రోనాఫ్తలీన్ (130) ఉంటది. దాన్ని లెక్కల మర్చిపోయేటోళ్లే ఎక్కువ.

2. బాండ్లు తూకం వేయండి

ఈ నంబర్లు దగ్గర పెట్టుకోండి, అన్నీ సుమారుగా, మోల్‌కు కిలో క్యాలరీలల్ల: సైక్లోహెక్సేన్ సీ–హెచ్ 99, టోలుయీన్ బెంజిలిక్ (బెంజీన్ రింగు పక్క కార్బన్ మీది) సీ–హెచ్ 90, టెట్రాలిన్ బెంజిలిక్ సీ–హెచ్ 83 నుంచి 85, డైహైడ్రోఆంత్రసీన్ 77, 1,4-సైక్లోహెక్సాడైయీన్ 76 నుంచి 77. బైబెంజిల్ నడిమి సీ–సీ బాండ్ 62 నుంచి 65. కిలో జౌళ్లు కావాలంటే 4.184తో గుణించుకోండి.

ఇప్పుడు తీసివేత. బెంజిల్ రాడికల్ టెట్రాలిన్ దగ్గర హైడ్రోజన్ తీసుకుంటే 84ది తెగి 90ది ఏర్పడ్డది, 6 దాకా లాభం, నడుస్తది. అదే బెంజిల్ రాడికల్ సైక్లోహెక్సేన్ దగ్గరికి పోతే 99 తెంపి 90 సంపాదించాలె, నష్టం బేరం, అందుకే సైక్లోహెక్సేన్ మంచి డోనర్ కాదు. ఒక్క తీసివేతతోటి ఇంత తేలుతది, అయినా ఎవరూ చేయరు.

జాగ్రత్త: ఒక పుస్తకంల నుంచి ఒక నంబర్, ఇంకో దాంట్ల నుంచి ఇంకో నంబర్ తెచ్చి తీసివేయొద్దు. 2, 3 కిలో క్యాలరీల తేడా పుస్తకాల మధ్యనే ఉంటది, మీ లాభం 6 ఉన్నప్పుడు 3 తప్పైతే కథ మారిపోతది.

3. పరిస్థితి చూసి అనుమానితుల లిస్టు రాసుకోండి

ఇది అసలైన స్టెప్, నిదానంగ చదవండి.

(క) 400 డిగ్రీల పైన, మెటల్ లేదు, సిస్టంల బలహీనమైన బాండ్ ఉంది: ఫ్రీ రాడికల్ దారి. బాండ్ దానంతటదే తెగుతది, పుట్టిన రాడికల్ డోనర్ దగ్గర హైడ్రోజన్ గుంజుకుంటది. బొగ్గును ద్రవం చేసే పని మొత్తం ఎక్కువగ ఈ లెక్క మీదనే నిలబడ్డది. బెర్జియస్ 1913ల మొదలుపెట్టిన పద్ధతిల హైడ్రోజన్ గ్యాస్‌నే ప్రెషర్‌తోటి ఎక్కించేటోళ్లు, తర్వాత వచ్చిన డోనర్ సాల్వెంట్ పద్ధతులల్ల టెట్రాలిన్ లాంటివి ఆ హైడ్రోజన్‌ను మోసుకొచ్చి బొగ్గు ముక్కలకు ఇస్తయి. మన భూపాలపల్లి, రామగుండం దిక్కు బొగ్గు మీద ప్రాజెక్టు తీసుకున్నోళ్లు బొగ్గుతోటి కాకుండా ముందు బైబెంజిల్‌తోటి చేయండి. బొగ్గుల ఏం తెగిందో చూపించుడు కష్టం, బైబెంజిల్‌ల అయితే తెగే బాండ్ ఏదో ముందే తెలుసు.

(ఖ) 300 డిగ్రీల దగ్గర, బలహీనమైన బాండ్ ఏదీ లేదు, అయినా రియాక్షన్ అవుతుంది: డోనర్ ఒక హైడ్రోజన్‌ను నేరుగ యాక్సెప్టర్ డబుల్ బాండ్‌కు ఇచ్చి రెండు రాడికల్‌లు పుడతయి. రెండు రాడికల్‌లు కలిసి ఒకటి హైడ్రోజన్ ఇచ్చుడు, ఒకటి తీసుకునుడు ఉంటది కదా, దాన్నే ఉల్టా నడిపినట్టు. డైహైడ్రోఆంత్రసీన్, ఆల్ఫా-మిథైల్‌స్టైరీన్ కలిపి వేడి చేస్తే క్యుమీన్, ఆంత్రసీన్ వచ్చేది ఇట్లనే. "ఇనీషియేటర్ (రాడికల్‌లు పుట్టించే మందు) లేదు కాబట్టి రాడికల్ కాదు" అని రాసేటోళ్లు ఇక్కడ దొరికిపోతరు.

(గ) తెగింది బలమైన బాండ్, డైఫినైల్‌మీథేన్ లాంటిది, దాంట్ల సీ–సీ 89 దాకా ఉంటది: 400 డిగ్రీలల్ల అది దానంతటదే తెగదు. హైడ్రోజన్ వచ్చి రింగ్ కార్బన్ మీద, అంటే బాండ్ ఉన్న కార్బన్ మీదనే కూర్చుంటె తర్వాత తెగుతది. ఆ హైడ్రోజన్ ఒంటరి పరమాణువుగ వచ్చిందా, డోనర్ రాడికల్ నేరుగ చేతికి అందించిందా అన్న దాని మీద 1980లల్ల పెద్ద వాదనే నడిచింది. మీరు రెండూ రాసి, మీ డేటా ఏ దిక్కు మొగ్గుతుందో చెప్తే చాలు.

(ఘ) రూం టెంపరేచర్ దగ్గర, యాక్సెప్టర్ కార్బోకేటయాన్ (పాజిటివ్ చార్జి ఉన్న కార్బన్): హైడ్రైడ్. ట్రైటిల్ కేటయాన్‌కు సైక్లోహెప్టాట్రైయీన్ కలిపితే ట్రోపీలియం, ట్రైఫినైల్‌మీథేన్ వస్తయి, ట్రైటిల్ పసుపు రంగు కళ్ల ముందే పోతది. క్లాసు రూంల చూపించాలంటే దీన్ని మించింది లేదు.

(ఙ) పల్లాడియం లాంటి మెటల్ ఉంది: సర్ఫేస్ మీద పని. డోనర్ మెటల్‌కు హైడ్రోజన్ ఇస్తది, మెటల్ యాక్సెప్టర్‌కు ఇస్తది. నడుమ మనిషి చేతుల మీదుగ జరిగే చేబదులు అనుకోండి.

(చ) రెండు హైడ్రోజన్లు ఒక్కసారే పోవుడు: 1,4-సైక్లోహెక్సాడైయీన్ వేడికి బెంజీన్, హైడ్రోజన్ గ్యాస్ అయ్యేది ఒక్క స్టెప్‌లనే, రింగుకు ఒకే దిక్కున్న రెండు హైడ్రోజన్లు కలిసి పోతయి, ఆర్బిటల్ సిమెట్రీ ఒప్పుకుంటది. 1,3-సైక్లోహెక్సాడైయీన్‌కు ఆ వెసులుబాటు లేదు. పేర్లు దగ్గర దగ్గర ఉన్నయని రెండింటికీ ఒకటే బొమ్మ గీయకండి, నెట్ పేపర్ సెట్ చేసేటోళ్లకు ఇది మహా ఇష్టమైన ప్రశ్న.

4. టెట్రాలిన్–బైబెంజిల్ మెకానిజం రాసుడు

వరుసగ రాయండి. మొదట బైబెంజిల్ నడిమి బాండ్ తెగి రెండు బెంజిల్ రాడికల్‌లు. తర్వాత బెంజిల్ రాడికల్ టెట్రాలిన్ 1వ కార్బన్ మీది హైడ్రోజన్ తీసుకుంటది, టోలుయీన్, 1-టెట్రాలిల్ రాడికల్ వస్తయి. రెండు టెట్రాలిల్ రాడికల్‌లు ఎదురుపడితే ఒకటి ఇంకోదానికి హైడ్రోజన్ ఇచ్చి ఒక టెట్రాలిన్, ఒక 1,2-డైహైడ్రోనాఫ్తలీన్ అయితయి. డైహైడ్రోనాఫ్తలీన్ టెట్రాలిన్ కంటే ఉషారు డోనర్, అదే తీరుగ మిగిలిన రెండు ఇచ్చేసి నాఫ్తలీన్ అయితది.

బాణాలు ఒంటి కొక్కెంవి ఉండాలె, ఒక్కో బాణం ఒక్కో ఎలక్ట్రాన్‌కు. రెండు కొక్కేల బాణం గీస్తే మీరు హైడ్రైడ్ రాసినట్టు లెక్క, కింద "ఫ్రీ రాడికల్" అని పేరు రాసినా సరే.

ఇంకోటి, హైడ్రోజన్ తీసేటప్పుడు 2వ కార్బన్ నుంచి తీయొద్దు. 2వ కార్బన్ బెంజిలిక్ కాదు, ఆ బాండ్ బలం వేరే.

5. టెట్రాలిన్ శుభ్రం చేయండి, దీన్ని దాటెయ్యొద్దు

టెట్రాలిన్ గాలి తగిలితే హైడ్రోపెరాక్సైడ్ అయితది. మేము చేసిన ల్యాబ్‌ల అల్మరాల వెనక ఎప్పటిదో సీసా ఉండె, తేనె రంగుకు తిరిగింది, మూత చుట్టూ బంక. మా సీనియర్ దాన్నే డిస్టిల్ చేద్దామని ఫ్లాస్కుల పోసిండు. నేను ఊరికెనే ఒక చుక్క పొటాషియం అయొడైడ్, ఎసిటిక్ యాసిడ్ కలిపిన దాంట్ల వేసి చూసిన, కళ్ల ముందే చాయ్ డికాషన్ రంగు. మంట పెట్టకముందు చూసినం కాబట్టి బతికినం. పెరాక్సైడ్ ఉన్నదాన్ని డిస్టిల్ చేస్తే చివర్ల అదంతా ఫ్లాస్కు అడుగున చేరి పేలుతది.

కాబట్టి: ముందు అయొడైడ్ టెస్ట్. లేత పసుపు వస్తే యాక్టివేటెడ్ అల్యూమినా కాలంల నుంచి దింపి మళ్ల టెస్ట్ చేయండి. గోధుమ రంగు వస్తే ఆ సీసాను కదిలియ్యకుండ సేఫ్టీ చూసేటోళ్లకు చెప్పండి, కొత్త సీసా తీసుకోండి. శుభ్రమైనదాన్ని తగ్గించిన ప్రెషర్‌ల డిస్టిల్ చేయండి (మామూలు ప్రెషర్‌ల 207 డిగ్రీలు మరుగుతది), పూర్తిగ ఎండేదాకా పోనియ్యొద్దు, నైట్రోజన్ కింద దాచి మూత మీద తారీఖు రాయండి.

దీనికి ప్రాణభయం ఒక్కటే కారణం కాదు. పెరాక్సైడ్ వేడికి తెగి రాడికల్‌లు పుట్టిస్తది, మీరు కొలిచే రేట్ మొత్తం అబద్ధం అయితది.

6. రన్ చేయండి

బైబెంజిల్ 182 మిల్లీగ్రాములు (1 మిల్లీమోల్), టెట్రాలిన్ 1.32 గ్రాములు (10 మిల్లీమోల్‌లు). ట్యూబ్ మూడో వంతుకు మించి నింపొద్దు, వేడికి ద్రవం ఉబ్బితే జాగ ఉండాలె. నైట్రోజన్ ఊది మూత బిగించండి. ముందే 425 డిగ్రీలకు తెచ్చిన ఇసుక బాత్‌ల గంట పెట్టండి, తీయంగనే చల్లార్చండి. ఒక్కరే ఉన్నప్పుడు, షీల్డు లేకుండ చేయొద్దు. గాజు ట్యూబ్‌తోటి ఈ పని వద్దు, ఎవరన్న "మేము చేసినం" అన్నా వద్దు.

ఎందుకు 425? 400ల బైబెంజిల్ సగం కావాలంటే గంటల కొద్ది పడతది. 450ల గబగబ అయితది గానీ అప్పటికి టెట్రాలిన్ కూడా ఊరుకోదు, రింగు మెలిపెట్టుకోని 1-మిథైల్‌ఇండేన్ అయితది, రింగు తెగి బ్యూటైల్‌బెంజీన్ కూడా వస్తది. మిథైల్‌ఇండేన్ మోల్ బరువు కూడా 132యే, ఎంఎస్‌ల మాలిక్యులర్ పీక్ ఒక్కటే చూసి టెట్రాలిన్ అనుకుంటరు. రిటెన్షన్ టైం (జీసీల పీక్ బయటికి వచ్చే టైం) చూడండి, టెట్రాలిన్‌కు 104 దగ్గర పెద్ద పీక్ ఉంటది, రింగుల నుంచి ఇథిలీన్ ఊడిపోతే వచ్చేది అది.

బ్లాంకులు రెండు తప్పనిసరి: బైబెంజిల్ లేకుండ ఉత్త టెట్రాలిన్ ఒకటి, టెట్రాలిన్ లేకుండ ఉత్త బైబెంజిల్ ఒకటి. రెండోదాంట్ల స్టిల్బీన్ (180) కనపడతది, అంటే డోనర్ దొరకకపోతే బైబెంజిల్ తనదే తాను ఇచ్చుకుంటుంది. మీ అసలు రన్‌ల స్టిల్బీన్ ఎక్కువ వస్తే టెట్రాలిన్ తక్కువ పోసిండ్రని అర్థం. స్టీల్ గోడ కూడా ఊరికె ఉండకపోవచ్చు, కొత్త ట్యూబ్‌ను రెండు మూడు సార్లు ఉత్త టెట్రాలిన్‌తోటి నడిపి అలవాటు చేయండి.

ట్యూబ్ తెరవంగనే కలరా ఉండల వాసన గుప్పుమంటే నాఫ్తలీన్ వచ్చినట్టే. అది సంబురానికి పనికొస్తది గానీ రిపోర్టుకు పనికిరాదు, జీసీ చేయండి. ముక్కు దగ్గర పెట్టుకోని మాత్రం చూడొద్దు.

7. లెక్క సరిచూడండి

ఒక ఉదాహరణ, నంబర్లు నేను వేసుకున్నవి. 1.00 మిల్లీమోల్ బైబెంజిల్‌ల 0.58 మిగిలింది. 0.42 పోయింది కాబట్టి టోలుయీన్ 0.84 రావాలె, వచ్చింది 0.80. ఒక్కో టోలుయీన్‌కు ఒక హైడ్రోజన్, కాబట్టి తీసుకున్నది 0.80. ఇచ్చింది చూద్దాం: నాఫ్తలీన్ 0.12 వచ్చింది, నాలుగుతోటి గుణిస్తే 0.48. డైహైడ్రోనాఫ్తలీన్ 0.11, రెండుతోటి 0.22. మొత్తం 0.70. ఇంక 0.10 తక్కువ పడ్డది. ఎక్కడ పోయింది? టెట్రాలిల్ రాడికల్‌లు రెండు అతుక్కోని డైమర్ (262) అయి ఉంటయి, జీసీల చాలా చివర్ల వస్తది, ప్రోగ్రాం మధ్యల ఆపేస్తే కనపడదు. ఓవెన్ వేడి పెంచి ఇంకొంచెం సేపు నడపండి.

ఉల్టాగ ఇచ్చింది ఎక్కువ, తీసుకున్నది తక్కువ వస్తే హైడ్రోజన్ గ్యాస్ అయి పోయినట్టు, లేకపోతే గాలి లోపలికి వచ్చినట్టు. 146 దగ్గర ఆల్ఫా-టెట్రలోన్ పీక్ ఉందా చూడండి, ఉంటే మీ హైడ్రోజన్ తీసుకున్నది ఆక్సిజన్, బైబెంజిల్ కాదు.

ఎన్ఎంఆర్ తోటి చూసేటోళ్లకు (పీక్‌లు పీపీఎంలల్ల): టెట్రాలిన్ 2.77, 1.80 దగ్గర, నాఫ్తలీన్ 7.84, 7.48 దగ్గర, టోలుయీన్ మిథైల్ 2.35, బైబెంజిల్ 2.92. టెట్రాలిన్ 10 రెట్లు పోసినం కాబట్టి 2.77 పీక్ పక్కనున్న 2.92ను మింగుతది. అందుకే నేను జీసీనే నమ్ముత.

8. స్టీల్ రియాక్టర్ లేనోళ్లకు: సైక్లోహెక్సీన్, పల్లాడియం కార్బన్

సిన్నమిక్ యాసిడ్ 148 మిల్లీగ్రాములు, ఇథనాల్ 5 మిల్లీలీటర్లు, సైక్లోహెక్సీన్ 2 మిల్లీలీటర్లు, 10 శాతం పల్లాడియం కార్బన్ 30 మిల్లీగ్రాములు. నైట్రోజన్ కింద, పల్లాడియం ముందు వేసి తర్వాత సాల్వెంట్ పోయండి, ఉల్టా చేస్తే ఇథనాల్ ఆవిరి అంటుకుంటది. గంట రిఫ్లక్స్ చేసి చూడండి, కాకపోతే ఇంకో గంట. సైక్లోహెక్సీన్ ఇచ్చిన హైడ్రోజన్ తీసుకోని సిన్నమిక్ యాసిడ్ హైడ్రోసిన్నమిక్ యాసిడ్ అయితది. ఎన్ఎంఆర్‌ల 6.45, 7.80 దగ్గరి డబ్లెట్‌లు పోయి 2.7, 2.95 దగ్గర ట్రిప్లెట్‌లు రావాలె. మెల్టింగ్ పాయింట్ కూడా 133 నుంచి 48కి పడిపోతది. మన దిక్కు ఎండాకాలంల ఆ 48ది ల్యాబ్‌ల సరిగ గట్టిపడక సతాయిస్తది, ఐస్‌ల పెట్టి గీకండి.

ఫిల్టర్ చేసినంక కాగితాన్ని డస్ట్‌బిన్‌ల వేయకండి. ఎండిన పల్లాడియం కార్బన్ దానంతటదే అంటుకుంటది. నేను చదివిన చోట ఒకరు టిష్యూలున్న బుట్టల వేసి తినపోయిండు, వచ్చేసరికి బుట్ట సగం కాలింది. కాగితాన్ని తడిగనే ఉంచి, నీళ్లున్న వేరే సీసాల వేసి మూత పెట్టండి. ఇంకో సంగతి, ఇక్కడ బెంజీన్ పుడతది, ఫ్యూమ్ హుడ్ బయట చేయొద్దు.

లెక్కల ఒక గమ్మతు ఉంది. యాక్సెప్టర్ లేకపోయినా సైక్లోహెక్సీన్ తనల తనే ఇచ్చిపుచ్చుకుంటది, మూడు సైక్లోహెక్సీన్‌లకు ఒక బెంజీన్, రెండు సైక్లోహెక్సేన్‌లు. అందుకే బెంజీన్ చూసి సిన్నమిక్ యాసిడ్‌కు ఎంత పోయిందో లెక్కగట్టొద్దు. నడిచింది మెటల్ మీదనే అని చూపించాలంటే మెటల్ లేని బ్లాంక్ పెట్టండి, సగంల వేడిగ ఉన్నప్పుడే ఫిల్టర్ చేసి ద్రవాన్ని మళ్ల వేడి చేసి ఆగిందా చూడండి.

9. మెకానిజం పరీక్షలు, అందరూ తప్పే దగ్గర

ఐసోటోప్ ఎఫెక్ట్ (హెచ్ బదులు డ్యుటీరియం పెడితే రేట్ ఎన్ని రెట్లు తగ్గుతదో ఆ నంబర్): పుస్తకంల 7 అని ఉంటది, 425 డిగ్రీలల్ల 2.2 వచ్చిందని "సీ–హెచ్ తెగుడు రేట్ స్టెప్ కాదు" అని రాసిన థీసిస్ నేనే చూసిన. ఆ 7 రూం టెంపరేచర్‌ది. జీరో పాయింట్ తేడా 1.15 కిలో క్యాలరీలు పెట్టి లెక్కేస్తే 25 డిగ్రీలల్ల 7 దాకా, 425ల దాదాపు 2.3. అంటే 2.2 దాదాపు పూర్తి విలువ! వేడి రాయకుండ ఐసోటోప్ ఎఫెక్ట్ రాయకండి.

టెంపో (రాడికల్‌లను పట్టుకునే మందు) వేసి రియాక్షన్ ఆగింది కాబట్టి రాడికల్ అనుడు: టెంపో తనే డైహైడ్రోఆంత్రసీన్ లాంటి బలహీనమైన డోనర్ దగ్గర హైడ్రోజన్ గుంజుకోగలదు, 400 పైన అయితే అసలు అదే మిగలదు. బీహెచ్‌టీ (ఇది కూడా రాడికల్‌లను ఆపేటందుకు వేసేదే) తనే డోనర్. ఇవి వేడి రన్‌లకు వద్దు.

దానికి బదులు: టెట్రాలిన్-డీ12 (12 హైడ్రోజన్ల జాగల డ్యుటీరియం ఉన్నది) తోటి చేసి టోలుయీన్ చూడండి. ఒక్క డ్యుటీరియం ఉంటే మాలిక్యులర్ పీక్ 92 పోయి 93 వస్తది. 94, 95 కూడా వస్తుంటే మార్పిడి అటు ఇటు నడుస్తుందని, మిగిలిన టెట్రాలిన్‌ల హెచ్ ఎంత చేరిందో కూడా చూడాలె. రాడికల్ దారిల ఈ కలగాపులగం ఉంటది. ఒక్క స్టెప్‌ల రెండూ పోయే దారిల ఉండదు.

హైడ్రైడా కాదా తేలాలంటే సాల్వెంట్ మార్చండి, డోనర్ రింగు మీద మీథాక్సీ పెట్టి చూడండి. పోలార్ సాల్వెంట్‌ల, మీథాక్సీతోటి బాగ స్పీడ్ అయితే చార్జి పుడుతున్నట్టు. రాడికల్‌ల ఇంత తేడా రాదు.

రిపోర్టుల రాసేటప్పుడు "మెకానిజం నిరూపించినం" అని రాయకండి, వైవాల ఎక్స్‌టర్నల్ దాన్నే పట్టుకుంటడు. "425 డిగ్రీలల్ల, మెటల్ లేకుండ, ఈ లెక్కలు ఫ్రీ రాడికల్ దారితోటి సరిపోతున్నయి, హైడ్రైడ్‌తోటి సరిపోవు, డైమర్ ఇంత వచ్చింది, హైడ్రోజన్ లెక్కల ఇంత తేడా ఉంది" అని రాయండి. తేడాను దాచిపెట్టి వంద శాతం చూపిస్తే మాత్రం జీసీ ప్రింటవుట్ తెమ్మంటరు, అప్పుడు నాకు ఫోన్ చేయకండి.